వేడి చెయ్యి

ఏమయ్యా, నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. నీ తమలపాకు తీగను నలభై ఏళ్లు నన్ను తాకనివ్వలేదు. "నీది వేడి చెయ్యి, తీగ ఎండిపోతది" అన్నావు. నేను నమ్మాను.

నువ్వు పోయాక గాలికి అవిసె చెట్టు కూలింది. నీడ లేక తీగ మాడింది. ఎట్లాగూ పోయేదే కదా, ఇంక నేను తాకితే ఏమని నీ పాత పంచెను నీడకు దాని చుట్టూ కట్టాను. నా కన్ను కూడా తగులుతుందేమోనని తల తిప్పుకుని రోజూ నీళ్లు పోశాను.

ఇవాళ నీ సంవత్సరీకం. ఎట్లుందో చూద్దామని పంచె తీస్తే అరచేయంత ఆకులు! అవే తెంపి నీ పటం ముందు పెట్టాను.

తర్వాత నా చెయ్యి కోడలి చెంపకు ఆనించి, "వేడిగున్నదా?" అని అడిగాను.

"లేదత్తమ్మా, సల్లగనే ఉన్నది."

"గది గూడ రాయి" అన్నాను.