గొంగళ్ల గదిలో మా పాట

2006 ఆగస్టు, ఆదివారం. వనపర్తి.

గద్వాల నుంచి ఇప్పుడే వచ్చాను. తమ్ముడి బ్యాండు పాట రికార్డయింది. మాటలు నావి. రాయడానికి మూడు నెలలు పట్టింది, అందులో సగం ఆ రెండో చరణానికే.

ఫోటో స్టూడియో వెనక గది. బయటి చప్పుడు రాకుండా గోడలకు గొంగళ్లు కట్టారు. అవి ఇచ్చిన గొర్లు కాసే బాలమ్మవ్వ, పనయ్యాక తీసుకుపోదామని మూలన కూర్చుంది. పాడే పిల్ల సరిత ఎన్నిసార్లు ఎత్తుకున్నా ఆ చరణం చివర ఊపిరందక ఆగిపోయింది.

"గన్ని మాటలు కుక్కితే ఊపిరేడికెల్లి వస్తది? జర జాగ ఇడువుండ్రి," అంది అవ్వ.

"నువ్వే పాడి సూపియ్యవ్వా," అని నవ్వాడు తమ్ముడు.

"పాడ్త. నాకేం సిగ్గా?"

లేచి పాడింది. రెండో చరణం దగ్గర నా మాటలు వదిలేసి ఒట్టి రాగమే తీసింది, దూరం పోయిన మందను పిలిచినట్టు. డ్రమ్ము వాయించే అబ్బాయి కొట్టడం మరిచిపోయాడు. తమ్ముడి గిటారు మాత్రం మెల్లగా ఆమె వెనకే నడిచింది. ఆ చరణంలో నేను చెప్పాలనుకున్నది అదే.

బస్సెక్కుతుంటే తమ్ముడు అడిగాడు. "అక్కా, సరిత పాడిన ముక్కలన్ని కలిపి అతికియ్యొచ్చు. లేకుంటే అవ్వది గూడ రికార్డయింది, అది పెడ్దాం. ఏది ఉంచాలె?"

రేపు చెప్తానన్నాను. అవ్వది పెడితే నా చరణం పోతుంది. నాకు రాయడం వచ్చని నేను నమ్మింది ఆ చరణం చూసుకునే...

దారంతా ఆ రాగమే. నా మాటలు గుర్తు చేసుకుందామంటే మొదటి ముక్క కూడా రావడం లేదు.