చిలుక మీద వేసిన నింద

మట్టెవాడ, 1976 ఆగస్టు, గురువారం

మామయ్యకు క్షయ అని తేలినప్పటి నుంచి అత్తమ్మ నా చిలుకనే తిడుతోంది. నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న చిలుకే ఆయనకు జబ్బు అంటించిందట. దాని ముక్కు పక్కన గడ్డ లేచింది కదా, ఆమెకు అదే సాక్ష్యం.

ఈరోజు మామయ్యా నేనూ దాన్ని పశువుల దవాఖానకు తీసుకెళ్లాం.

"దీనికి ఎవరన్న నోట్ల నమిలి పెడతరా?" అని డాక్టర్ అడిగాడు.

మామయ్య రోజూ పల్లీలు నమిలి పెదవులతో అందిస్తాడని చెప్పాను.

"అయితే మనిషి నుంచే దీనికి క్షయ అంటి ఉంటది. ఇగ బతకది. ఇంట్ల ఉంచుకునుడు మీకు గూడ మంచిది కాదు."

మామయ్య పక్కనే నిలబడి అంతా విన్నాడు. చిలుకను అక్కడే వదిలి, ఖాళీ పంజరంతో తిరిగొచ్చాం.

గడపలోనే అత్తమ్మ అడిగింది. "ఏమన్నడు డాక్టరు? ఆ చిలుకతోనే వచ్చిందన్నడా?"

మామయ్య చెప్పులు విడుస్తూ, "ఔ, దానితోనే" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "అబద్ధమెందుకు మామా? నువ్వు విన్లేదా?" అన్నాను.

"పెద్దమనిషిని పట్టుకొని అబద్ధమంటవా?" అని అత్తమ్మ లేచింది. ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

పక్క గదిలో ఇప్పుడు దగ్గుతున్నాడు. రోజూ నీళ్లిచ్చేది నేనే. ఈ రాత్రి మాత్రం లేవను. అత్తమ్మ లేస్తుందేమో చూస్తాను.