నోట్లో నాలుక

అన్నయ్యకి,

నువ్వు క్షేమంగా ఇల్లు చేరావని వదిన ఫోనులో చెప్పింది. అక్క అంత్యక్రియల రోజు నలుగురి ముందు ఎందుకని, పెద్దవాడివి కదా అని ఊరుకున్నాను. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

అక్క తల దగ్గర నిలబడి, “మా చెల్లెలు నోట్లో నాలుక లేని మనిషి,” అని కళ్లు తుడుచుకున్నావు. వెనక ఒకాయన ఏడుస్తూనే ఫక్కున నవ్వితే గుడ్లురిమి చూశావు. ఆయనెవరో తెలుసా? మన ఊరి బస్సు డ్రైవరు.

పన్నెండేళ్ల కిందట బస్సు మన వీధిలో ఆగేది కాదు. అక్క కుట్టుపని మానుకుని, చంకలో గొడుగు పెట్టుకుని, తొమ్మిది రోజులు దానికి అడ్డంగా నిలబడింది.

“పక్కకి జరగమ్మా, నాకు టైమైపోతోంది,” అనేవాడు డ్రైవరు.

“కుట్టిన స్కూలు బట్టల మూట నెత్తిన పెట్టుకుని బస్టాండు దాకా రెండు మైళ్లు నడుస్తున్నాను. మరి నా టైమో?” అనేది అక్క.

పదో రోజు నుంచి బస్సు ఆగుతోంది. ఆ గొడవ సంగతి తెలిసి నువ్వు, “ఆడదానికి అంత నోరు పనికిరాదు,” అని ఆరేళ్లు మా గడప తొక్కలేదు. బతికున్నన్నాళ్లూ నోరు పెద్దదన్నావు, పోయాక నాలుకే లేదంటావా?

పేపర్లో వేయించమని నువ్వు పంపిన కాగితంలోనూ అదే మాట ఉంది. కొట్టేశాను.

అక్క అంత్యక్రియలకి బట్టల పెట్టె పట్టుకుని మా గుమ్మం ముందే బస్సు దిగావు. ఈసారి వచ్చినప్పుడు మాత్రం బస్టాండులో దిగి నడిచి రా.

నీకు మిగిలిన ఒక్క చెల్లెలు