నానబెట్టని ఉప్పుచేప

ఒసేయ్ ఆల్ఫ్‌హిల్డ్,

ముందు కూర్చుని, ఆ తర్వాత చదువు. నాన్న మాట్లాడాడే!

అమ్మ పోయినప్పటి నుంచి "ఊఁ", "ఉహూఁ" తప్ప ఆయన నోట మాట లేదని నీకు తెలుసు కదా. నిన్న ఈస్టర్ శనివారం. అమ్మలాగే బల్ల నిండా సర్దాను. రంగులేసిన గుడ్లు, సాల్మన్, ఆవపిండిలో ఊరేసిన హెర్రింగ్ చేప. ఆ చేప మొదటిసారి నేనే ఊరేశాను. నాన్న ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఉప్పుచేపని రాత్రంతా నీళ్ళలో నానబెట్టావా?"

మర్చిపోయానే! ఉప్పు పీపాలోంచి తీసి అలాగే ఊరేశాను.

"సముద్రమంతా తెచ్చి నా పళ్ళెంలో పోశావు కదే! మీ అమ్మ చూసుంటే చేపతోపాటు నిన్నూ నానబెట్టేది!" అని ఇల్లు అదిరేలా అరిచాడు.

మీ బావ పగలబడి నవ్వాడు. "నీకేంటయ్యా నవ్వు? గుడ్డు తియ్యి" అని ఈస్టర్ పందెంలో గుడ్డుకి గుడ్డు కొట్టి, మీ బావ గుడ్డు పగలగొట్టాడు నాన్న. తర్వాత అమ్మ ఏప్రాన్ కట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, కొత్త చేపలు నానబెట్టాడు. ఇప్పుడు ఉల్లిపాయలు తరుగుతూ నన్ను తిడుతూనే ఉన్నాడు.

ఉత్తరం అందగానే పడవెక్కు. నీకో సీసాడు ఊరేసిన చేప పక్కన పెట్టమన్నాడు.

నేను కావాలనే చేశానని మీ బావ అనుమానం. ఒట్టు, నిజంగానే మర్చిపోయాను. వచ్చే ఈస్టర్‌కి మాత్రం కావాలనే మర్చిపోతాను.

నీ అక్క