కుండలీకరణంలో మైనస్

ఆబిడ్స్, హైదరాబాదు,
14 జులై 2025

మిత్రులు ప్రభుదాస్ గారికి,

అమరేశ్వరరావు వ్యాకరణదోషం లేని నమస్కారంతో వ్రాయునది. ఇక్కడ మేమందరం కుశలం. నాంపల్లిలో మీరూ, మీ శ్రీమతి జ్ఞానమణి గారూ కుశలమని మా మనుమరాలు ప్రణవి రోజూ చెబుతున్నది, అడగకపోయినా చెబుతున్నది.

ఒకే పాఠశాలలో నేను తెలుగు, మీరు గణితం బోధించి విశ్రాంతి పొందినవాళ్లం. ప్రణవిని లెక్కల కోసం మీ దగ్గరకు పంపినది నేనే. అయితే లెక్కలతోపాటు 'తాత' అనే పదాన్ని కూడా మీకు అప్పగించమని నేను చెప్పలేదు. మా ఇంట్లో ఇప్పుడు "తాత చెప్పిండు" అంటే ఆ తాత మీరు. "చెప్పిండు కాదమ్మా, చెప్పారు" అని నేను దిద్దితే, "ఔ సార్" అంటున్నది. నేను సార్‌ను, మీరు తాత! బంధువాచకాలను ఇలా తారుమారు చేయడానికి ఏ సూత్రం అనుమతిస్తుందో నాకు తెలియదు.

నిన్న గ్రాఫ్ కాగితం మీద ఒక పరావలయం చూపించి, సమీకరణం చెప్పమని సవాలు చేసింది. బోర్లించిన గిన్నెవంటి గీత అది. నాకు వచ్చిన గణితమల్లా మీ తరగతి గోడకు ఇవతల కూర్చుని విన్నదే. అయినా వెనుదీయలేదు. శీర్షం, అనగా ఆ గిన్నె కొన, మూలబిందువుకు కుడివైపు మూడు గళ్లు, పైకి నాలుగు గళ్లు. కుడి అంటే ధనమే కదా అని కుండలీకరణంలో x + 3 అని రాశాను. ఆ పిల్ల పకపకా నవ్వి, "గట్లైతే గిన్నె ఎడమకు పోతది సార్! కొన కాడ బ్రాకెట్ సున్నా కావాలె. మూడుల నుంచి మూడు తీస్తెనే గదా సున్నా? గందుకే మైనస్. తాత చెప్పిండు" అన్నది. బయటి మైనస్ గిన్నెను బోర్లిస్తుందట. చివరికి తేలినది y = −(x − 3)² + 4. గీత అడ్డ అక్షాన్ని దాటిన చోట్లు ఒకటి, ఐదు. రెండూ పెట్టి చూశాను. రెండుసార్లూ సున్నాయే వచ్చింది. మీ పాఠంలో తప్పు దొరకకపోవడం నాకెంత కష్టంగా ఉన్నదో మీరే ఊహించండి.

కనుక ఒక విన్నపం. వచ్చే వారం నుండి ఆమెను హిమాయత్‌నగర్‌లో మరెవరి దగ్గరైనా చేరుస్తాను. మీకు తీరిక లేదని మీరే చెప్పండి. నా పేరు రానీయకండి. ఈ ఉత్తరాన్ని కూడా ఆమె కంట పడకుండా నేనే పోస్టులో వేస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
అమరేశ్వరరావు
విశ్రాంత తెలుగు పండితుడు

తా.క.: ఉత్తరం మడిచేలోపు ప్రణవి మరో గ్రాఫ్ తెచ్చి ముందు పెట్టింది. ఈసారి గిన్నె నిటారుగా ఉన్నది. కొన ఎడమకు రెండు గళ్లు, కిందకు ఒకటి. కొన నుండి ఒక గడి పక్కకు జరిగితే గీత ఒక గడి లేచింది. y = (x + 2)² − 1 అని రాశాను. చూసి, వీపు తట్టి, "శభాష్ తాతా!" అన్నది. అందులో దిద్దడానికి నాకు ఏమీ కనబడలేదు. పై విన్నపాన్ని కొట్టివేస్తున్నాను. ఉత్తరం ఆమె చేతికే ఇచ్చి పంపుతున్నాను. రేపటి గ్రాఫ్‌ను అక్కడే పూర్తి చేయించకుండా, జర ఇంటికి పంపండి. ఆ 'జర' నేను రాసినదే, దిద్దకండి.