ముప్పై ఎనిమిదో నంబరు చేప

పై రేవు, ఆఫీసు గది

ప్రియమైన మావయ్యకి,

ఇక్కడ నేను క్షేమం, చేపలు క్షేమం. కింది రేవులో నువ్వూ అత్తయ్యా క్షేమమని తలుస్తాను. ఫోను చేస్తే "ఆ కేకలెందుకు, ఉత్తరం రాయి" అంటావు కాబట్టి లాంచీలో ఇది పంపుతున్నాను.

నీతో ఒక పని పడింది. నేను ఈ సరస్సుకి వార్డెన్‌గా వచ్చి ఏడాదిన్నర అయింది కదా. లైసెన్సులు చూడటం, పన్నెండంగుళాల కన్నా పొట్టి చేపని ఎవరైనా బుట్టలో వేసుకుంటే మళ్లీ నీళ్లలోకి వదిలించడం, బాతుల వేటకి వచ్చేవాళ్ల సంచులు విప్పించి లెక్కపెట్టడం, ఇంతవరకు బాగానే నడుస్తోంది. నిన్న ఒకాయన ఒక్క చేప కూడా పడలేదని బల్ల గుద్ది చెప్పాడు. ఆయన నెత్తి మీద టోపీ మాత్రం దానంతట అదే కదులుతోంది. తీయమంటే జలుబు చేసిందన్నాడు.

అసలు సంగతికి వస్తాను. పోయిన నెల రెండు వందల చేపల్ని పట్టి, కొలిచి, వీపు మీది రెక్క దగ్గర పసుపు బిళ్ల తగిలించి వదిలాను. బిళ్ల మీద నంబరు ఉంటుంది. అలాంటి చేప ఎవరి గాలానికి పడినా నంబరు, పొడవు, తేదీ నాకు రాసి, చేపని వదిలేయాలి. అవి ఎంత పెరుగుతున్నాయో అలా తెలుస్తుంది. ఇంతవరకు ఒక్కడు రాయలేదు. సీజను అయ్యేలోగా పది కబుర్లయినా రాకపోతే ఈ పని మూసేసి, నన్ను హెడ్డాఫీసులో లైసెన్సుల మీద ముద్రలు వేయడానికి కూర్చోబెడతారట. కిటికీ కూడా లేని గది అది. నేను చూసొచ్చాను.

నువ్వు రోజూ కొట్టు తెరిచే ముందు గంటసేపు గాలం వేస్తావు. నాకోసం కాస్త కనిపెట్టి ఉండు.

నీ మేనకోడలు

తా.క.: నిబంధనల కాగితం ఇందులో పెట్టాను. చదవవని తెలుసు.

ఇంకో తా.క.: ఆదివారం రమ్మని అత్తయ్య కబురు పెట్టింది. జనం గాలాలు పట్టుకుని దిగేదే ఆదివారం. ఈ నెల కుదరదు. పోయిన నెల కూడా ఇదే రాశానని గుర్తుంది.

*

కింది రేవు, దర్జీ కొట్టు

చిరంజీవి బుల్లెమ్మకి,

మావయ్య ఆశీస్సులు, అత్తయ్య చీవాట్లు. రెండూ అందినట్టు రాయి.

నీ ఉత్తరం అందిన మర్నాడే పడింది. నంబరు ముప్పై ఎనిమిది. టేపు నా మెడలోనే ఉంటుంది కదా, అక్కడికక్కడే కొలిచాను. పదిహేనంగుళాలు. కొలతకి ఒక్క క్షణం కుదురుగా నిలబడలేదు. నా ఖాతాదారుల్లో సగం మంది అంతే. మర్యాదగా నీళ్లలోకి సాగనంపాను. అది పోతూ నా ముఖాన నీళ్లు కొట్టింది.

మీ అత్తయ్యకి ఇదేమీ మింగుడు పడటం లేదు. పట్టిన చేపని వదిలేసేవాడు తెల్లారకుండా లేవడం ఎందుకని అడుగుతోంది. ఆఫీసు పని అన్నాను. జీతం ఇస్తారా అంది. మేనకోడలు కిటికీ ఉన్న గదిలో ఉంటుందన్నాను. అప్పుడు లేచి నా ఫ్లాస్కులో టీ నింపింది.

పోయినసారి నువ్వు పంపిన ఫొటోలో యూనిఫాం కోటు చూశాను. అది కుట్టినవాడెవడో కానీ మనిషికి కుట్టలేదు, కొక్కేనికి కుట్టాడు. నీ కొలతలు రాసి పంపు.

నీ మావయ్య

తా.క.: నిబంధనల కాగితం చాలా బాగుంది. మందంగా ఉంది. వెనక వైపు నీ కోటు నమూనా గీసుకున్నాను.

*

పై రేవు, ఆఫీసు గది

ప్రియమైన మావయ్యకి,

అందరూ నీలాంటి వాళ్లయితే ఈ ఉద్యోగం ఎంత హాయి. మొదటి కబురు నీదే. రిజిస్టరులో ఎర్ర సిరాతో ఎక్కించాను.

అయితే ఒక చిన్న అనుమానం. కోప్పడకు. ముప్పై ఎనిమిదిని నేను కొలిచినప్పుడు పదమూడు ఉంది. నెల తిరక్కుండా రెండంగుళాలు ఎలా పెరిగింది? ఈ సరస్సులో చేపకి రెండంగుళాలంటే ఏడాది పని. నీ టేపు సాగిపోయి ఉంటుందా అని అనిపించింది.

దీనితో ఒక అట్టముక్క పంపుతున్నాను. పొడవెంతో నాకు తెలుసు, నీకు చెప్పను. కొలిచి రాయి.

నా కొలతలు: ఛాతీ ముప్పై నాలుగు, నడుము ఇరవై ఎనిమిది, చెయ్యి ఇరవై రెండు. చేపల్ని కొలిచే పట్టీతో కొలుచుకున్నాను. కొంచెం నీచు వాసన వచ్చింది కానీ అంకెలు సరిగ్గానే ఉంటాయి.

నీ మేనకోడలు

తా.క.: టోపీ ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి టోపీ లేదు. బూట్లు నాలుగు సైజులు పెద్దవి.

*

కింది రేవు, దర్జీ కొట్టు

చిరంజీవి బుల్లెమ్మకి,

ఆశీస్సులు. చీవాట్లు ఈసారి నావే.

నీ అట్టముక్క తొమ్మిదింపావు. ఒక చివర దారమంత తక్కువ, ఎందుకంటే కత్తెర వంకరగా పోనిచ్చావు. బొటనవేలు పైన పెట్టి కత్తిరించమని నీకు ఆరేళ్లప్పుడే చెప్పాను. నలభై ఏళ్లుగా ఈ టేపుతో రేవంతటికీ బట్టలు కుట్టాను. ఒక్కడు కూడా బిగుతని తిరిగి రాలేదు. పెళ్లిలో రెండుసార్లు భోంచేసి కూడా రాలేదు.

ఇప్పుడు ఇవి రాసుకో. నంబరు డెబ్బై ఒకటి, పద్నాలుగున్నర. నంబరు నూట పన్నెండు, పదహారు. నంబరు తొమ్మిది, పదిహేనుంపావు. ఈ తొమ్మిది చాలా గడుసుది, కొలుస్తుంటే ఊపిరి బిగబట్టింది. పొట్ట లోపలికి లాక్కుని కొలతలిచ్చే పెద్దమనుషుల్ని ఎంతమందిని చూడలేదు నేను. అలాంటివాళ్ల దగ్గర ఎలా కొలవాలో నాకు తెలుసు.

నీ మావయ్య

తా.క.: అత్తయ్య అడగమంది: ఆదివారం కాకపోతే సోమవారం చేపలకి సెలవుందా?

*

పై రేవు, ఆఫీసు గది

ప్రియమైన మావయ్యకి,

అట్టముక్క తొమ్మిదింపావే. నీ టేపు మీద ఇంక నాకు అనుమానం లేదు. అందుకే ఇప్పుడు భయంగా ఉంది.

డెబ్బై ఒకటి రెండంగుళాలు పెరిగింది. నూట పన్నెండు రెండు. తొమ్మిది కూడా రెండు. ఆ తర్వాత లాంచీలో నువ్వు పంపిన చీటీలో ఏడు చేపలూ రెండేసి. నెలాఖరు పట్టిక పంపక తప్పదు, పంపాను. హెడ్డాఫీసులో పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. చేపలు ఇంత జోరుగా పెరిగే సరస్సుకి గుడ్లు పెట్టే కాలంలో వేట నిషేధం దేనికి, ఎత్తేద్దాం అంటున్నాడు. నిషేధం ఎత్తేస్తే రెండేళ్లలో ఇక్కడ కప్పలు తప్ప ఏమీ మిగలవు. వచ్చే గురువారం ఆయనే స్వయంగా వచ్చి వల వేయించి కొలుస్తాడట. పట్టిక నిజమైతే నా చేపలు పోతాయి. అబద్ధమైతే నా ఉద్యోగం పోతుంది.

మావయ్యా, ఒక్కటి అడుగుతాను. నా ఉద్యోగం నిలబడాలని, చేపలు బాగా పెరుగుతున్నాయని రాస్తే అధికారులు సంతోషిస్తారని, నువ్వు కాస్త కలిపి రాశావా? చిన్నప్పుడు నేను ఆలస్యంగా వస్తే అమ్మకి చెప్పకుండా గడియారం వెనక్కి తిప్పినవాడివి నువ్వు. అలా చేశావంటే నాకు కోపం లేదు. నిజం మాత్రం రాయి.

నీ మేనకోడలు

తా.క.: రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఈ తా.క.లో హాస్యం లేదు.

*

కింది రేవు, దర్జీ కొట్టు

మహారాజశ్రీ వార్డెన్ గారి సముఖానికి,

కింది రేవు దర్జీ వినయంగా విన్నవించుకునేది. తమరి ఉత్తరం చేరింది. గడియారం తిప్పిన మాట వాస్తవం. కొలత తిప్పిన మాట అబద్ధం. గడియారం నా వృత్తి కాదు. టేపు నా వృత్తి.

ఏ చేప దగ్గర ఏది రాయాలో అదే రాశాను. ఇంతకన్నా చెప్పేది లేదు.

తమరి కోటు పూర్తయింది. మాటలు ఎలా ఉన్నా చలి చలే కాబట్టి లాంచీలో పంపుతున్నాను. గురువారం పెద్దాయన ముందు కొక్కేనికి తగిలించినట్టు నిలబడవద్దు.

ఇట్లు,
దర్జీ

తా.క. (అత్తయ్య రాసింది): మూడు రోజులుగా గాలం ముట్టుకోలేదు, అన్నం సరిగ్గా తినలేదు. కోటుకి మాత్రం గుండీలు రెండుసార్లు విప్పి కుట్టాడు. నువ్వేం రాశావో నేను అడగను. ఏదో ఒకటి తిరిగి రాయి.

*

పై రేవు, ఆఫీసు గది

నా మావయ్యకి,

ముందు తప్పయిపోయింది. ఈ మాట పైనే ఎందుకు రాశానంటే, కోపంలో నువ్వు మొదటి వాక్యం చదివి మడిచేస్తావేమోనని.

కోటు బుధవారం లాంచీలో వచ్చింది. వేసుకున్నాను. పట్టుకున్నట్టు లేదు, జారిపోయినట్టూ లేదు, ఎవరో భుజం మీద చెయ్యేసినట్టుంది. జేబులో చెయ్యి పెడితే నీ కొలతల చీటీ తగిలింది. ఛాతీ ముప్పై ఆరు, నడుము ముప్పై, చెయ్యి ఇరవై రెండు.

నేను నీకు రాసింది ముప్పై నాలుగు, ఇరవై ఎనిమిది. నెలలో రెండంగుళాలు పెరిగాను మావయ్యా, అచ్చం ముప్పై ఎనిమిదో నంబరు చేపలాగా.

మెట్ల మీద కూర్చుని ఏడ్చేదాకా నవ్వాను. అట్టముక్కకి ఊపిరి లేదు, అందుకని ఉన్నదున్నట్టు కొలిచావు. చేతికి ఊపిరి అక్కర్లేదు, అందుకని ఇరవై రెండుకి ఇరవై రెండే. ఊపిరి తీసుకునే ఒంటికి మాత్రం నలభై ఏళ్లుగా రెండంగుళాల లూజు కలిపే రాస్తున్నావు. చేపకి చేతుల్లేవు, మెడ లేదు. నీ లెక్కన అదంతా ఒకటే ఒళ్లు.

పెద్దాయన లాంచీ దిగకముందే ఉన్న విషయం చెప్పేశాను. ముఖం ఎర్రగా చేసుకుని, ప్రభుత్వ పట్టికలోకి దర్జీలని ఎవరు రానిచ్చారన్నాడు. వల వేశారు. నీ పదకొండు చేపల్లో నాలుగు దొరికాయి. నీ ప్రతి అంకెలోంచి రెండు తీసేసి చూస్తే నాలుగింటికి నాలుగూ దారం తేడా లేకుండా సరిపోయాయి. ముప్పై ఎనిమిది ఈ నెలంతా కలిపి గోరంత పెరిగింది. పెద్దాయన పట్టీ తనే తీసుకుని నాలుగింటినీ ఇంకోసారి కొలిచాడు. చివరికి, శాఖ మొత్తంలో ఇంత కచ్చితమైన కొలతలు పంపినవాడు ఇంకొకడు లేడు, రెండు తీసేయడం గుర్తుంచుకుంటే చాలు అన్నాడు. నిషేధం అలాగే ఉంటుంది. బిళ్లల పని ఇంకో మూడేళ్లు. నేను ఇక్కడే.

నిన్ను అనుమానించినందుకు నాకు సిగ్గుగా ఉంది. రేపటి నుంచి గాలం వెయ్యి.

నీ మేనకోడలు

తా.క.: పెద్దాయన కోటు గుండీలు పడటం లేదు. వెళ్తూ వెళ్తూ నీ కొట్టు ఎక్కడని అడిగాడు.

*

కింది రేవు, దర్జీ కొట్టు

చిరంజీవి బుల్లెమ్మకి,

ఆశీస్సులు. కోపం నీ మొదటి వాక్యం దగ్గరే పోయింది. నీకు అనుమానం వచ్చిందని కాదు నేను బాధపడింది, నిద్ర పోలేదన్నావు, అందుకు.

నేను లూజు కలుపుతున్నానని నాకే తెలియదంటే నమ్ము. నీ ఉత్తరం చదివి మీ అత్తయ్యని నిలబెట్టి కొలిచాను. నా నోరు ముప్పై ఎనిమిది అంది, టేపు ముప్పై ఆరు చూపిస్తోంది. ఊపిరి తీసుకునేదాన్ని ఉన్నంతలో ఎలా బిగించి రాస్తాం? చెయ్యి రాదు.

అయితే నిన్నటి నుంచి నాకు నిద్ర లేదు. కారణం విను. చట్టం పన్నెండంగుళాలు అంటుంది. నేను ముప్పై ఏళ్లుగా ప్రతి చేపనీ టేపుతో కొలిచి, పన్నెండు ఉంటేనే ఇంటికి తెచ్చాను. పదకొండున్నర పడితే వదిలేసి, ఎంత నిజాయితీపరుణ్ణో అని దారంతా మురిసిపోతూ వచ్చేవాణ్ణి. నా పన్నెండు అంటే నీ పది. అంటే నేను టోపీవాడి కన్నా పాత దొంగని. వాడికి కనీసం తను దొంగనని తెలుసు.

కోటు నమూనా గీసుకున్న కాగితం తిప్పి నిబంధనలు మొదటిసారి చదివాను. పద్నాలుగోది ఇలా ఉంది: పొట్టి చేపలు ఉంచుకున్నవారికి వార్డెన్ స్వయంగా ఇంటికి వెళ్లి నోటీసు చేతికి ఇవ్వవలెను, తపాలాలో పంపిన నోటీసు చెల్లదు.

నేను నేరం ఒప్పుకుంటూ ఇందుమూలంగా రాసి ఇస్తున్నాను. గాలం గోడకి ఆనించి పెట్టాను, వచ్చి స్వాధీనం చేసుకో. ఏడాదిన్నరగా నిన్ను పిలిచి పిలిచి మా ఇద్దరి నోళ్లూ నొప్పెట్టాయి. ఇప్పుడు పిలవడం లేదు. చట్టం పిలుస్తోంది. ఆదివారం పది గంటల లాంచీకి నిందితుడు రేవులోనే ఉంటాడు.

నీ మావయ్య

తా.క. (అత్తయ్య రాసింది): ఆ ముప్పై ఏళ్ల చేపలన్నీ వండింది నేను. నాకూ వేరే నోటీసు రాయి. ఇద్దరికి ఇవ్వాలంటే ఒక్క రోజు చాలదు, సోమవారం కూడా ఉండేట్టు రా.