కుట్టుమిషన్ స్క్రూ

ఇసిరేలి బావా,

నీ కూతురి పెళ్లికని పట్టుకెళ్లిన మా పడవ ఇంజన్ తిరిగిస్తూ, "ముసలిదైపోయింది బావా, అచ్చం నీలాగే దగ్గుతోంది" అన్నావు. నేనూ నవ్వాను.

మొన్న జ్వరంతో ఉన్న నీ చెల్లెలు వసితిని లకేంబా ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, పగడపు దిబ్బ దాటగానే ఇంజన్ ఆగిపోయింది. సాయంత్రం దాకా తను ఎండలో, కెరటాలు ఎటు తోస్తే అటు పోయే పడవలో పడి ఉంది. చివరికి చేపల పడవవాళ్లు తాడు వేసి ఇంటికి లాక్కొచ్చారు.

పెట్రోలు మార్చాను, ప్లగ్గులు తుడిచాను. లాభం లేక కార్బురేటర్ విప్పాను. లోపలంతా ఉప్పు పేరుకుంది. మా కార్బురేటర్ గిన్నెకి వసితి తన కుట్టుమిషన్ నుంచి తీసిచ్చిన స్క్రూ ఉండాలి, దీనికి లేదు. వసితికి చూపించాను. "ఇది మా అన్నయ్య పడవదే" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మార్చుకుంటానని అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి. చుట్టం అడిగితే కాదనకూడదన్నది మనవాళ్ల కట్టుబాటు కదా. అందుకే ఆదివారం ప్రార్థన అయ్యాక ఏదైనా అడగడానికి వెళ్లేవాళ్లు కానుకగా పట్టుకెళ్లే యంగోనా వేళ్ల కట్టతో మీ ఇంటికొస్తాను. ఊరంతా చూస్తుండగా నీ ముందు చాప మీద కూర్చుని, నా కార్బురేటర్‌ని నాకు ఇప్పించమని నిన్నే అడుగుతాను.

కాదనకు.

వసితి భర్త